పోషక మాత్రలలో బోరాన్ - అవసరం, పరిమితి, జాగ్రత్తలు

మానవ శరీరానికి కావలసిన ఖనిజాలు రెండు తెగలుగా ఉంటాయి. కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం, పొటాషియం వంటివి దినమునకు వందల, వేల మిల్లీగ్రాముల ప్రమాణంలో అవసరమవుతాయి. ఇనుము, జింకు, రాగి, అయోడిన్, సెలీనియం వంటివి అత్యల్ప ప్రమాణంలో చాలును. ఈ రెండవ తెగను సూక్ష్మ ఖనిజాలు అని వ్యవహరిస్తారు. ఎముకల పుష్టి కోసం, కీళ్ల నొప్పుల ఉపశమనం కోసం, కండబలం కోసం అంటూ విక్రయించే పోషక మాత్రల లేబుళ్లపై కాల్షియం, విటమిన్-డి సరసన ‘బోరాన్’ అనే సూక్ష్మ ఖనిజం పేరు కూడా కనిపిస్తున్నది. ఈ మూలకం మనిషికి నిజంగా అవసరమా, అవసరమైతే ఎంత, ఆ కొద్దిపాటి అవసరం నిత్యం తీసుకునే ఆహారంతో తీరదా అనే విషయాలపై వినియోగదారులకు సరైన అవగాహన ఉండడం మంచిది.

ఈ అవగాహనకు మరొక కారణం కూడా ఉన్నది. మాత్రలో మిల్లీగ్రాముల లెక్కన ఉండే ఈ మూలకమే క్యారమ్ బోర్డుపై చల్లే బోరిక్ పౌడరులోను, కంసాలి కొలిమి వద్ద ఉండే వెలిగారంలోను గ్రాముల లెక్కన ఉన్నది. మాత్రకు బదులు పొడిని వాడవచ్చునని భ్రమపడితే ప్రాణాపాయం కలిగే అవకాశం ఉన్నది.

బోరాన్ అంటే ఏమిటి?

బోరాన్ పరమాణు సంఖ్య 5. 1808వ సంవత్సరంలో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ, ఫ్రాన్సులో గే-లుసాక్, థెనార్డ్ దీనిని వేరుచేసే ప్రయత్నాలలో కృతకృత్యులయ్యారు. ప్రకృతిలో ఇది విడిగా లభించదు. ఆక్సిజన్‌తో కలిసి బోరేట్ లవణాల రూపంలోనే నేలలోను, నీటిలోను, సముద్రజలాలలోను ఉంటుంది. ప్రపంచంలోని బోరాన్ నిల్వలలో అత్యధిక భాగం టర్కీ దేశంలో ఉన్నది.

తెలుగువారికి ఈ పదార్థం కొత్తది కాదు. బోరాక్స్ అని రసాయన శాస్త్రం పిలిచే లవణాన్నే మన వాడుకలో వెలిగారం అంటారు. సంస్కృతంలో దీని పేరు టంకణము. బంగారు నగలకు అతుకు పెట్టే సమయంలో లోహం శుభ్రంగా కరిగి పట్టుకోవడానికి కంసాలులు తరతరాలుగా వెలిగారాన్ని వాడుతున్నారు. పూర్వకాలంలో ఇది టిబెట్, లడఖ్ ప్రాంతాల నుంచి హిమాలయాల మీదుగా మైదాన ప్రాంతాలకు వచ్చేది. వెలిగారాన్ని ఆమ్లంతో చర్య జరిపించినప్పుడు బోరిక్ ఆమ్లం ఏర్పడుతుంది. బొద్దింకల నివారణకు పిండి, పంచదారలతో కలిపి ఉంచే తెల్లని పొడి ఇదే.

మొక్కల విషయంలో నిరూపితమైన సత్యం

బోరాన్ మొక్కలకు అత్యవసర పోషకమని 1923వ సంవత్సరంలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కేథరిన్ వారింగ్టన్ నిరూపించారు. చిక్కుడు జాతి మొక్కలకు మిగిలిన పోషకాలన్నీ ఇచ్చి బోరాన్ ఒక్కటి లేకుండా చేసినప్పుడు అవి ఎదగలేక చనిపోయాయి. మొక్కల కణాల గోడలలో ఉండే ఒక సంక్లిష్ట పిండి పదార్థపు పోగులను బోరాన్ జంటలుగా కట్టి ఉంచుతుందని 1996లో తేలింది. గోడకు ఇటుకలు ఎన్ని ఉన్నా వాటిని పట్టి ఉంచే సున్నం లేకపోతే గోడ నిలువదు. మొక్కలో బోరాన్ పాత్ర అటువంటిది.

తెలుగు రైతులకు దీని లోపం అనుభవంలో ఉన్నదే. వేరుశనగ గింజ లోపల బోలుగా మారడం, కాలిఫ్లవర్ కాండం గుల్లబారడం, బొప్పాయి కాయలు గడ్డలు కట్టి వికృతంగా మారడం, కొబ్బరి చెట్టు మొవ్వులో ఆకులు విచ్చుకోలేక ముడుచుకుపోవడం బోరాన్ లోప లక్షణాలు. 2000వ దశకంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట భూములను పరీక్షించినప్పుడు అధిక భాగం పొలాలలో గంధకం, జింకులతో పాటు బోరాన్ కొరత కూడా బయటపడినది. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య కార్డులలో పరీక్షించే 12 అంశాలలో బోరాన్ ఒకటి.

అయితే మొక్కకు అత్యవసరమైన ప్రతి మూలకం మనిషికి కూడా అత్యవసరం కావాలన్న నియమం లేదు. మాత్రల ప్రచారంలో తరచుగా మరుగున పడే విషయం ఇదే.

మనిషికి అవసరమా?

ఒక ఖనిజాన్ని అత్యవసర పోషకంగా గుర్తించాలంటే రెండు అంశాలు తేలాలి. అది లోపించినప్పుడు నిర్దిష్టమైన లోపం లేదా వ్యాధి కనిపించాలి. దానిని తిరిగి అందించినప్పుడు ఆ లోపం సరికావాలి. శరీరంలో అది చేసే పని ఏమిటో కూడా తెలిస్తే నిర్ధారణ బలపడుతుంది. అయోడిన్ లోపిస్తే గొంతు వాపు, ఇనుము లోపిస్తే రక్తహీనత కలుగుతాయి. బోరాన్ లోపం వలన మనిషికి వచ్చే వ్యాధి ఇది అని చెప్పదగినది నేటి వరకు ఏదీ గుర్తింపబడలేదు.

అంతమాత్రాన ఈ మూలకం నిష్ప్రయోజనమని భావించడానికి వీలు లేదు. 1981లో కోడిపిల్లలపై జరిపిన ప్రయోగంలో విటమిన్-డి తక్కువగా ఉన్న మేతలో బోరాన్ కలిపినప్పుడు వాటి ఎదుగుదల మెరుగుపడినది. తరువాతి కాలంలో కొన్ని చేపలు, కప్పలలో బోరాన్ లేమి వలన పిండాభివృద్ధి దెబ్బతిన్నట్లు గమనించారు. మనుషులలో జరిగిన పరిశోధనలలో ప్రసిద్ధమైనది 1987లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గ్రాండ్ ఫోర్క్స్ పోషకాహార పరిశోధనా కేంద్రంలో ఫారెస్ట్ నీల్సన్, ఆయన సహచరులు ప్రచురించినది. రుతుక్రమం ఆగిపోయిన 12 మంది మహిళలకు 119 రోజుల పాటు దినమునకు సుమారు 0.25 మి.గ్రా. బోరాన్ మాత్రమే ఉన్న ఆహారం ఇచ్చి, ఆ తరువాత దినమునకు 3 మి.గ్రా. చొప్పున అదనంగా అందించారు. అప్పుడు మూత్రం ద్వారా వృథాగా పోయే కాల్షియం, మెగ్నీషియం తగ్గాయి. రక్తంలో ఈస్ట్రోజన్, టెస్టోస్టిరోన్ హార్మోన్లు పెరిగాయి.

నేటి ప్రచారంలో అధిక భాగానికి మూలం ఈ పరిశోధనే. ఇందులో గమనించవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది, పాల్గొన్నవారు 12 మంది మాత్రమే. రెండవది, వారికి ముందుగా సాధారణ భోజనంలో ఉండే దానికంటె బాగా తక్కువ బోరాన్ ఇచ్చారు. మామూలు ఆహారం తీసుకునే వారికి మాత్ర వలన అదే మేలు కలుగుతుందని ఈ ఫలితం చెప్పదు. తరువాత జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు.

ఈ కారణం చేతనే నిపుణుల సంస్థలు ఆచితూచి వ్యవహరించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో బోరాన్‌ను ‘బహుశా అత్యవసరమైన’ మూలకాల వర్గంలో చేర్చినది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001లో, తగిన ఆధారాలు లేనందున దినసరి అవసరం ఇంత అని నిర్ణయించలేదు. గరిష్ట పరిమితిని మాత్రమే ప్రకటించినది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి 2020లో వెలువరించిన భారతీయుల పోషక అవసరాల పట్టికలలో కూడా బోరాన్‌కు దినసరి ప్రమాణం నిర్ణయింపబడలేదు.

లేబుళ్లపై కనిపించే మూడు వాగ్దానాలు

మొదటిది ఎముకల పుష్టి. కాల్షియం, మెగ్నీషియం, విటమిన్-డి వినియోగంలో బోరాన్‌కు పాత్ర ఉండవచ్చునని పై పరిశోధనలు సూచిస్తున్నాయి. కాని బోరాన్ మాత్ర వలన ఎముకలు గుల్లబారడం ఆగినదని గాని, విరుగుళ్లు తగ్గాయని గాని నిరూపించిన పెద్ద పరిశోధన లేదు. ఎముకలకు అవసరమని నిశ్చయంగా తెలిసినవి కాల్షియం, విటమిన్-డి, మాంసకృత్తులు, శరీర శ్రమ. పెద్దలకు దినమునకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరమని 2020 పట్టికలు పేర్కొంటున్నాయి. 100 గ్రాముల రాగులలో 350 మి.గ్రా.కు పైబడి కాల్షియం లభిస్తుంది. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు, ఎండ తగిలే కొద్దిపాటి నడక ఇవన్నీ మాత్రల కంటె ముందు ఆలోచించవలసినవి.

రెండవది కీళ్ల నొప్పుల ఉపశమనం. 1990లో ఆస్ట్రేలియాలో కీళ్ల అరుగుదలతో బాధపడుతున్న 20 మందిపై జరిగిన ప్రాథమిక పరీక్షలో, దినమునకు 6 మి.గ్రా. బోరాన్ తీసుకున్న వారిలో కొందరికి ఉపశమనం కలిగినట్లు ప్రకటించారు. కాల్షియం ఫ్రక్టోబోరేట్ అనే రూపంపై తరువాతి కాలంలో జరిగిన పరీక్షలలో కూడా కొంత మేలు కనిపించినది. కాని ఇవి కొద్దిమందిపై, కొద్ది వారాలు మాత్రమే జరిగినవి. వీటి ఆధారంగా వైద్యుడు సూచించిన చికిత్సను మానివేయడం తగదు.

మూడవది కండబలం, పురుష హార్మోన్ పెరుగుదల. వ్యాయామశాలలకు వెళ్లే యువకులను ఆకర్షిస్తున్న వాగ్దానం ఇది. 1993లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కండల పోటీలకు సిద్ధమయ్యే 19 మంది యువకులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు దినమునకు 2.5 మి.గ్రా. బోరాన్, రెండవ జట్టుకు బోరాన్ లేని నమూనా మాత్ర ఏడు వారాల పాటు ఇచ్చారు. రెండు జట్లలోను కండ, బలం పెరిగాయి. వాటి మధ్య తేడా కనిపించలేదు. ఫలితాన్ని ఇచ్చినది వ్యాయామమే తప్ప మాత్ర కాదని దీనిని బట్టి గ్రహించవచ్చును.

క్యాన్సర్ చికిత్సలో వాడే బోర్టెజోమిబ్ వంటి ఔషధాల అణువులో బోరాన్ ఉన్నమాట వాస్తవం. ఈ ఔషధానికి 2003లో అమెరికాలో అనుమతి లభించినది. అయితే అది ప్రత్యేకంగా రూపొందించిన ఔషధం. దాని పేరు చెప్పి పోషక మాత్రకు క్యాన్సర్ నివారణ గుణం ఆపాదించడం సరికాదు.

కంచంలో బోరాన్

బోరాన్ ప్రధానంగా మొక్కల నుంచి లభించే ఆహారంలో ఉంటుంది. పండ్లు, గింజలు, పప్పుధాన్యాలు, కూరగాయలు దీనికి ఆధారాలు. అమెరికాలో లెక్కించిన ప్రమాణాల ప్రకారం 42 గ్రాముల ఎండుద్రాక్షలో సుమారు 0.95 మి.గ్రా., మధ్యరకం ఆపిల్ పండులో 0.66 మి.గ్రా., 28 గ్రాముల వేయించిన వేరుశనగ పప్పులో 0.48 మి.గ్రా., ఒక నారింజలో 0.37 మి.గ్రా., ఒక అరటిపండులో 0.16 మి.గ్రా. బోరాన్ ఉంటుంది. ఒక కప్పు కాఫీలో 0.07 మి.గ్రా., ఒక కప్పు పాలలో 0.04 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. పంట పండిన నేలను, పారిన నీటిని బట్టి ఈ అంకెలు మారుతూ ఉంటాయి.

అమెరికాలో పెద్దలు ఆహారం ద్వారా పొందే బోరాన్ దినమునకు సుమారు 1 మి.గ్రా. దరిదాపులలో ఉన్నట్లు సర్వేలు తెలిపాయి. గుప్పెడు వేరుశనగ పప్పు, ఒక నారింజ, ఒక అరటిపండు తిన్నవారికి ఆ ప్రమాణం దాదాపుగా చేకూరుతుంది. పప్పు, కూర, పచ్చడి, పండు ఉన్న భోజనం చేసేవారికి బోరాన్ కోసం ప్రత్యేకంగా వెదకవలసిన అగత్యం లేదు.

శరీరంలో గమనం, గరిష్ట పరిమితి

ఆహారంలోని బోరాన్‌లో 85 నుంచి 90 శాతం వరకు పేగుల ద్వారా రక్తంలోకి చేరుతుంది. అక్కడ అది బోరిక్ ఆమ్ల రూపంలో సంచరించి, అధిక భాగం మూత్రం ద్వారా బయటకు పోతుంది. శరీరం మొత్తంలో ఉండే బోరాన్ 3 నుంచి 20 మి.గ్రా. మాత్రమే. ఎముకలు, గోళ్లు, వెంట్రుకలలో ఇది మిగిలిన భాగాల కంటె అధికంగా ఉంటుంది. దీనిని బయటకు పంపేవి మూత్రపిండాలు కనుక, మూత్రపిండాల పనితీరు తగ్గినవారి శరీరంలో ఇది పేరుకొనే ప్రమాదం ఉన్నది.

గర్భంతో ఉన్న ఎలుకలకు బోరిక్ ఆమ్లం ఇచ్చి జరిపిన పరీక్షలలో, శరీర బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 9.6 మి.గ్రా. బోరాన్ వరకు పిండానికి హాని కనిపించలేదు. అంతకు మించినప్పుడు పిల్లల బరువు తగ్గినది. ఈ ఆధారం మీదనే మనుషులకు పరిమితులు నిర్ణయించారు. ఎలుకకు, మనిషికి ఉన్న తేడాను దృష్టిలో ఉంచుకొని అమెరికా నిపుణులు ఆ అంకెను 30తో భాగించి, 19 ఏళ్లు దాటిన వారికి దినమునకు 20 మి.గ్రా. గరిష్ట పరిమితి అన్నారు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2004లో మరింత జాగ్రత్త పాటించి 60తో భాగించి, 10 మి.గ్రా. అని నిర్ణయించినది. రెండు సంస్థల అంకెలు వేరైనా వాటికి ఆధారమైన పరీక్ష ఒక్కటే. పిల్లలకు ఈ పరిమితి ఇంకా తక్కువ. అమెరికా లెక్కల ప్రకారం 1 నుంచి 3 ఏళ్ల వారికి 3, 4 నుంచి 8 ఏళ్ల వారికి 6, 9 నుంచి 13 ఏళ్ల వారికి 11, 14 నుంచి 18 ఏళ్ల వారికి 17 మి.గ్రా. మించరాదు. ఇవి దాటకూడని హద్దులే కాని చేరుకోవలసిన లక్ష్యాలు కావు.

వెలిగారం ఔషధం కాదు, ఆహారం కాదు

మాత్ర ఖరీదు ఎక్కువ, వెలిగారం చౌక, రెండింటిలోను ఉన్నది బోరానే అన్న వాదన తరచు వినవస్తున్నది. 2023లో అమెరికాలో సామాజిక మాధ్యమాల ద్వారా బోరాక్స్ కలిపిన నీరు తాగితే కీళ్ల నొప్పులు పోతాయన్న ప్రచారం వ్యాపించగా, వైద్యులు దానిని ఖండించవలసి వచ్చినది. లెక్క చూసినచో ప్రమాదం స్పష్టమవుతుంది. ఒక గ్రాము వెలిగారంలో సుమారు 113 మి.గ్రా. బోరాన్ ఉంటుంది. ఇది పెద్దల గరిష్ట పరిమితులలో ఎక్కువదైన 20 మి.గ్రా. కంటె అయిదు రెట్లకు పైగా అధికం. ఒక గ్రాము బోరిక్ ఆమ్లంలో సుమారు 175 మి.గ్రా. ఉంటుంది. చిటికెడును వంటింటి చెంచాతో మిల్లీగ్రాములలో కొలవడం ఎవరికీ సాధ్యం కాదు.

అధిక మోతాదులో బోరాన్ చేరినప్పుడు వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి, చర్మం ఎర్రబారి పొక్కిపోవడం, తలనొప్పి, ఉద్రేకం, మూర్ఛ కలుగుతాయి. పెద్దలలో 15 నుంచి 20 గ్రాములు, శిశువులలో 3 నుంచి 6 గ్రాముల బోరిక్ ఆమ్లం ప్రాణాంతకమని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. 1983లో ఒక వైద్య పత్రికలో వెలువడిన నివేదిక ప్రకారం, వెలిగారం కలిపిన తేనెను పాలపీకకు రాసి నాకించిన ఏడుగురు శిశువులకు మూర్ఛలు వచ్చాయి. ఆ మిశ్రమం ఆపిన తరువాత మూర్ఛలు నిలిచిపోయాయి. నోటి పూతకు, కడుపు నొప్పికి పసిపిల్లలకు వెలిగారం నాకించే అలవాటు ఎక్కడ ఉన్నా తక్షణం మానవలసినది.

ఆహారం చెడిపోకుండా బోరాక్స్ కలిపే పద్ధతి ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో విరివిగా ఉండేది. 1902లో అమెరికా వ్యవసాయ శాఖ రసాయన నిపుణుడు హార్వే వైలీ 12 మంది యువ స్వచ్ఛంద సేవకులకు భోజనంలో బోరాక్స్ పెట్టి పరీక్షించారు. వారికి ఆకలి మందగించి, తలనొప్పి, కడుపు నొప్పి కలిగాయి. ఆ పరీక్షల పరంపర 1906లో అక్కడ ఆహార, ఔషధ శుద్ధి చట్టం రావడానికి తోడ్పడినది. మన దేశంలో కూడా ఆహారాన్ని నిల్వ ఉంచేందుకు వెలిగారం, బోరిక్ ఆమ్లం కలపడానికి అనుమతి లేదు.

వినియోగదారులు పాటించవలసిన జాగ్రత్తలు

1. పోషక మాత్ర కొనే ముందు లేబుల్‌పై ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో చూడవలెను. ‘ఔషధంగా వాడరాదు’ అన్న హెచ్చరిక, దినసరి మోతాదు, దానిని మించరాదన్న సూచన ముద్రించి ఉండాలి. వ్యాధిని నయం చేస్తుందని లేబుల్ చెబుతున్నచో దానిని అనుమానించవలెను.

2. బోరాన్ సిట్రేట్, బోరాన్ గ్లైసినేట్, కాల్షియం ఫ్రక్టోబోరేట్ వంటి రూపాలలో ఇది లభిస్తుంది. సమ్మేళనం బరువు వేరు, అందులోని బోరాన్ బరువు వేరు. లెక్కకు తీసుకోవలసినది రెండవది.

3. మల్టీవిటమిన్, ఎముకల మాత్ర, వ్యాయామ పొడి ఒకేసారి వాడేవారు మూడింటిలోని బోరాన్‌ను కలిపి చూసుకోవలెను.

4. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు వైద్యుని సలహా లేకుండా వీటిని వాడరాదు. ఈస్ట్రోజన్ ప్రభావంతో పెరిగే రొమ్ము, గర్భాశయ వ్యాధులు ఉన్నవారు కూడా ముందుగా వైద్యుని సంప్రదించవలెను. పిల్లలకు సొంత నిర్ణయంతో ఇవ్వరాదు.

5. క్యారమ్ పౌడరు, బొద్దింకల మందు, పొలంలో పిచికారీకి తెచ్చిన బోరాక్స్ పొట్లాలను వంటింట్లో ఉప్పు, పంచదార, సోడా డబ్బాల సమీపంలో ఉంచరాదు. పిల్లలకు అందని చోట, పేరు రాసి భద్రపరచవలెను.

6. పొరపాటున ఎవరైనా మింగినచో గృహ చికిత్సలతో కాలయాపన చేయక, పొట్లాన్ని వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. అత్యవసర సమయంలో 108కి ఫోన్ చేయవచ్చును.

బోరాన్‌పై పరిశోధనలు ఇంకా కొనసాగుతున్నాయి. మనిషి శరీరంలో దాని పాత్ర రేపు స్పష్టంగా తేలవచ్చును. అంతవరకు తెలిసినంతలో, పప్పు, పండు, గింజలు ఉన్న భోజనం ఈ సూక్ష్మ ఖనిజాన్ని తగు ప్రమాణంలో అందిస్తున్నది. మాత్ర వైద్యుడు సూచించినప్పుడు మాత్రమే, లేబుల్‌పై ఉన్న మోతాదు మేరకు మాత్రమే వాడడం శ్రేయస్కరం. వెలిగారాన్ని మాత్రం ఎట్టి పరిస్థితులలోను లోపలికి తీసుకొనరాదు.